దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్: వలస కార్మికులపై దౌర్జన్యం, మానసిక ఆరోగ్యం, చట్టరక్షణ

దుబాయ్ నగరానికి నైరుతి దిక్కున, జెబెల్ అలీ రేవుకు లోపలి వైపున 2,300 హెక్టార్లలో విస్తరించిన పారిశ్రామిక, వాణిజ్య, నివాస ప్రాంతం దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్. అక్కడివారి నోట అది ‘డి.ఐ.పి.’ ఒక పక్క ఫ్యాక్టరీలు, గోదాములు, కార్మికుల క్యాంపులు ఉంటాయి. మరో పక్క గ్రీన్ కమ్యూనిటీ విల్లాలు, బడులు, ఆసుపత్రి ఉంటాయి. ఇలాంటి చోట నాలుగు రకాల వలస బతుకులు పక్కపక్కనే నడుస్తుంటాయి: క్యాంపులో ఉండే ఫ్యాక్టరీ కార్మికుడు, విల్లాలోనే ఉండి పనిచేసే పనిమనిషి, భర్త వీసా మీద వచ్చిన గృహిణి, వీసా గడువు దాటినా ఉండిపోయిన ‘ఖల్లివెల్లి’ మనిషి. వీరిపై దౌర్జన్యం జరిగినప్పుడు ఒక్కొక్కరికి వర్తించే చట్టం వేరు, వెళ్లాల్సిన ఆఫీసు వేరు. ఆ దేశంలో ఉండే హక్కు తమ చేతిలో లేకపోవడం మాత్రం నలుగురికీ ఉమ్మడి. ఫిర్యాదు చేయాలా వద్దా అన్న ఆలోచన వీరికి ఉండాలా పోవాలా అన్న ఆలోచనగా మారుతుంది. బాధితుల మానసిక స్థితినీ వారికి ఉన్న చట్టరక్షణనూ విడివిడిగా చూడలేకపోవడానికి మూలం ఇదే.

యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ (యుఎఇ)లో 35 లక్షలకు పైగా భారతీయులు ఉన్నారు. తెలుగువారిలో జగిత్యాల, రాజన్న సిరిసిల్ల, కరీంనగర్, నిజామాబాద్, కామారెడ్డి, నిర్మల్ జిల్లాల నుంచి వచ్చిన మగవాళ్లు నిర్మాణం, ఫ్యాక్టరీలు, క్లీనింగ్, సెక్యూరిటీ పనుల్లో కనిపిస్తారు. ఉత్తర తెలంగాణ పల్లెల్లో ‘బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి’ అన్న మాట పుట్టింది ఈ వలసల వల్లే. కోనసీమ, పశ్చిమ గోదావరి, కడప, అన్నమయ్య జిల్లాల ఆడవాళ్లు ఇంటి పనికి ఎక్కువగా కువైట్ వెళ్తారు. కొందరు దుబాయ్, అబుదాబి చేరుతారు.

దౌర్జన్యం రూపాలు

క్యాంపు కార్మికులపై జరిగే దౌర్జన్యం చాలావరకు కాగితాలు, డబ్బు చుట్టూ తిరుగుతుంది. నెలల తరబడి జీతం ఆపుతారు. పాస్‌పోర్టు తీసి దాచేస్తారు. ఊళ్లో చూపిన ఒప్పందం ఒకటైతే, దిగాక సంతకం పెట్టించుకునేది మరొకటి అవుతుంది. ఓవర్‌టైం లెక్కలోకి రాదు. గట్టిగా అడిగితే ‘అబ్‌స్కాండింగ్’ (పనిలోంచి పారిపోయాడన్న) కేసు పెడతామని బెదిరిస్తారు. ఇంటి పనివారి విషయంలో దీనికి తిట్లు, కొట్టడం, తిండి తగ్గించడం, ఫోన్ లాక్కోవడం, లైంగిక హింస తోడవుతాయి. నాలుగు గోడల మధ్య జరిగేదానికి సాక్షి దొరకడం కష్టం.

మెడకు ఉరి పడేది మాత్రం ఊళ్లోనే. లైసెన్సున్న ఏజెంటు వసూలు చేయదగ్గ సేవా రుసుమును భారత ప్రభుత్వం 30,000 రూపాయలకు, దానిపై పన్నుకు పరిమితం చేసింది. సబ్ ఏజెంట్లు అడిగేది దానికి కొన్ని రెట్లు ఉంటుంది. ఆ సొమ్ము మిత్తికి తెచ్చినదైతే, మొదటి ఏడాది జీతమంతా అప్పుకే పోతుంది. అప్పు తీరకముందు వచ్చే ఏ కష్టమైనా కార్మికుడు నోరు మూసుకుని భరిస్తాడు. యజమానులకూ ఆ సంగతి తెలుసు.

యజమాని ప్రమేయం లేని నేరాలూ ఉన్నాయి. 2025 ఏప్రిల్‌లో దుబాయ్‌లోని ఒక బేకరీలో తోటి కార్మికుడి దాడికి నిర్మల్, జగిత్యాల జిల్లాలకు చెందిన ఇద్దరు బలయ్యారు; మరికొందరు తెలుగువారు గాయపడ్డారు. మృతదేహాలు ఊరు చేరేదాకా వార్త నడిచింది. అలాంటి ఘటన తర్వాత అదే గదిలో, అదే షిఫ్టులో మిగిలిపోయే సహచరులు కూడా బాధితులే. వారికి గాయాలు ఉండవు కాబట్టి ఏ జాబితాలోనూ చేరరు.

మనసు మీద పడే దెబ్బ

దాడికి, లైంగిక హింసకు, నిర్బంధానికి గురైనవారిలో నిద్రలేమి, పీడకలలు, ఉలిక్కిపాటు, జరిగింది పదేపదే కళ్ల ముందు మెదలడం, మనుషులను తప్పించుకు తిరగడం కనిపిస్తాయి. ఇవి నెల దాటి కొనసాగితే వైద్యులు దాన్ని ఆఘాతానంతర ఒత్తిడి రుగ్మతగా చూస్తారు. జీతం ఎగవేత, నిరంతర బెదిరింపు లాంటివి వేరే దారిలో పనిచేస్తాయి. అవి మనిషిని నెమ్మదిగా దిగులులోకి, ఆందోళనలోకి, కొన్నిసార్లు మద్యంలోకి నెడతాయి. తెలుగు కార్మికుడు డాక్టరు ముందు ‘డిప్రెషన్’ అనడు. తలనొప్పి అంటాడు, గుండెదడ అంటాడు, కడుపులో మంట అంటాడు, నిద్ర పడతలేదంటాడు. క్లినిక్‌లో నొప్పి మాత్రలు ఇచ్చి పంపుతారు.

యుఎఇలోని అల్ ఐన్ నగర లేబర్ క్యాంపుల్లో చేసిన ఒక సర్వే 2011లో ప్రచురితమైంది. సుమారు 320 మంది మగ కార్మికులను ప్రశ్నించగా, వారిలో దాదాపు నాలుగో వంతు మందిలో డిప్రెషన్ లక్షణాలు బయటపడ్డాయి; నూటికి ఆరుగురు ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయని చెప్పారు. నమూనా చిన్నది, నగరం వేరు. అయినా, క్యాంపు జీవితం గురించి అంచనాలతో కాకుండా అంకెలతో మాట్లాడిన కొద్ది అధ్యయనాల్లో ఇదొకటి.

క్యాంపు నిర్మాణమే ఒంటరితనాన్ని పెంచేలా ఉంటుంది. 2009 నాటి ఫెడరల్ ప్రమాణాల ప్రకారం పడక గదిలో ఒక్కొక్కరికి కనీసం 3 చదరపు మీటర్ల చోటు ఉండాలి. గదికి ఎనిమిది నుంచి పది మంది దాకా ఉండవచ్చు. ఒక గదిలో అంతమంది ఉన్నప్పుడు ఇంటికి ఫోన్ చేసి ఏడవడానికైనా మరుగు దొరకదు. ఇంటివాళ్లకు చెబితే బెంగ పెట్టుకుంటారని మగవాళ్లు అసలు చెప్పరు. శుక్ర, ఆదివారాల్లో జెబెల్ అలీ గురుద్వారాకో, 2022 అక్టోబరులో దాని పక్కనే తెరుచుకున్న హిందూ దేవాలయానికో వెళ్లి రావడమే చాలామందికి దొరికే ఊరట. అలాంటి చోట తెలుగు మాట వినబడితే పరిచయం లేనివాళ్లతో కూడా గోడు వెళ్లబోసుకుంటారు. సాయం అందే దారి తరచూ అక్కడే మొదలవుతుంది.

చికిత్సకు వెళ్లకుండా ఆపే భయాల్లో ఒకటి పూర్తిగా అపోహ. మనసుకు మందులు వాడుతున్నట్టు తెలిస్తే ‘మెడికల్ అన్‌ఫిట్’ చేసి ఇంటికి పంపుతారని క్యాంపుల్లో నమ్ముతారు. వీసా వైద్య పరీక్ష చూసేది క్షయ, హెచ్‌ఐవీ లాంటి అంటువ్యాధులను, డిప్రెషన్‌ను కాదు. యజమానికి తెలిస్తే పనిలోంచి తీసేస్తాడన్న రెండో భయం మాత్రం ఉత్తిది కాదు. దానికి చట్టం ఇచ్చిన జవాబు ఈమధ్యే వచ్చింది.

కార్మిక చట్టం

దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్ ఫ్రీజోన్ కాదు. పక్కనే ఉన్న జెబెల్ అలీ ఫ్రీజోన్‌లో కార్మికుల ఫైళ్లు ఆ జోన్ యంత్రాంగం ద్వారా నడుస్తాయి. ఈ పార్కులోని కంపెనీలు నేరుగా మానవ వనరులు, ఎమిరేటీకరణ మంత్రిత్వ శాఖ కిందికి వస్తాయి. ఫిర్యాదుతో ఎక్కడికి వెళ్లాలో తేల్చుకునే ముందు కార్మికుడు లేబర్ కార్డు మీద ఎవరి పేరుందో చూసుకోవాలి. పార్కులో క్యాంపు ఉండి, ఉద్యోగం ఫ్రీజోన్‌లో ఉన్నవాళ్లు కూడా ఉంటారు.

1980 నాటి కార్మిక చట్టం స్థానంలో 2021లో జారీ అయిన 33వ నంబరు ఫెడరల్ డిక్రీ చట్టం 2022 ఫిబ్రవరి 2 నుంచి అమలవుతోంది. ఇందులో మానసిక ఆరోగ్యం దృష్ట్యా ముఖ్యమైనవి రెండు అధికరణలు. 13వ అధికరణ ప్రకారం కార్మికుడి పాస్‌పోర్టు, పత్రాలు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. 14వ అధికరణ బలవంతపు పనిని, లైంగిక వేధింపును, బెదిరింపును, మాటలతో గానీ చేతలతో గానీ మానసికంగా గానీ చేసే హింసను నిషేధించింది. మానసిక హింస అన్న మాటను కార్మిక చట్టంలోనే రాయడం పాత చట్టంలో లేని సంగతి. యజమాని కొట్టినా వేధించినా కార్మికుడు నోటీసు ఇవ్వకుండా పని మానేయవచ్చని 45వ అధికరణ చెబుతుంది. అయితే తాను మానేసిన కారణాన్ని మంత్రిత్వ శాఖకు తెలపాలి. తెలపకుండా గది వదిలి వెళ్లినవాడు, హక్కు తన వైపున్నా, కాగితాల మీద పారిపోయినవాడవుతాడు.

‘అబ్‌స్కాండింగ్’ అని కార్మికులు పిలిచేది ఇదే. వరసగా ఏడు రోజులకు మించి పనికి రాకుండా, ఆచూకీ తెలియకుండా పోతే యజమాని మంత్రిత్వ శాఖకు తెలియజేయవచ్చు. దాని వెంట వర్క్ పర్మిట్ రద్దు, మళ్లీ పర్మిట్ రాకుండా ‘బ్యాన్’ వస్తాయి. నిజంగా పారిపోయినవారి కోసం పెట్టిన ఏర్పాటు ఇది. జీతం అడిగినవాడి మీద ప్రయోగిస్తే ఇదే బెదిరింపు సాధనం. దీన్ని తిప్పికొట్టగలిగేది తేదీ ఒక్కటే: కార్మికుడి ఫిర్యాదు ముందు నమోదై ఉంటే యజమాని నోటీసు బలం తగ్గిపోతుంది.

జీతాల విషయంలో 2009లో మొదలైన వేతన రక్షణ వ్యవస్థ కొంత మేలు చేసింది. జీతం బ్యాంకు ద్వారానో ఎక్స్చేంజి ద్వారానో పడాలి కాబట్టి, పడనిది కూడా రికార్డవుతుంది. యజమాని దివాలా తీస్తే కార్మికుడికి 20,000 దిర్హాముల వరకు బకాయిలు చెల్లించే బీమా ఏర్పాటు 2018లో వచ్చింది. 2023 నుంచి నిరుద్యోగ బీమా తప్పనిసరి చేశారు. తక్కువ జీతాలవారికి దాని ప్రీమియం నెలకు 5 దిర్హాములు. ఏడాది పాటు కట్టినవారు తమ తప్పు లేకుండా ఉద్యోగం పోగొట్టుకుంటే మూడు నెలల దాకా మూల వేతనంలో 60 శాతం వస్తుంది. పాలసీ తీసుకోవాల్సింది కార్మికుడే. తీసుకోకపోతే జరిమానా కూడా అతనికే.

ఇంటి పనివారు

పనిమనుషులు, వంటవాళ్లు, ఆయాలు, ఇంటి డ్రైవర్లు, తోటమాలులు కార్మిక చట్టం పరిధిలోకి రారు. వారికి 2017లో ప్రత్యేక చట్టం వచ్చింది. దాని స్థానంలో 2022 నాటి 9వ నంబరు డిక్రీ చట్టం ఆ ఏడాది డిసెంబరు నుంచి అమలవుతోంది. వారానికి ఒక సెలవు, రోజుకు 12 గంటల విశ్రాంతి, అందులో 8 గంటలు ఏకధాటిగా, ఏడాదికి 30 రోజుల వేతన సెలవు, సొంత పత్రాలు తన దగ్గరే ఉంచుకునే హక్కు ఇందులో ఉన్నాయి. పనివారి ఫిర్యాదు కూడా ఇప్పుడు మంత్రిత్వ శాఖకే వెళ్తుంది. ఇంటి తలుపు తట్టి తనిఖీ చేయడం ఫ్యాక్టరీలో తనిఖీ చేసినంత సులువు కాదు. అమలులో అసలు లోటు ఇక్కడే ఉంది.

నేరం జరిగినప్పుడు

కొట్టడం, అత్యాచారం, నిర్బంధం లాంటివి లేబర్ ఆఫీసు తేల్చే వివాదాలు కావు, పోలీసు కేసులు. అత్యవసరమైతే 999, లేకుంటే 901 దుబాయ్ పోలీసు నంబర్లు. అత్యాచార బాధితురాలికి చాలాకాలం ఫిర్యాదే ప్రమాదంగా ఉండేది. పెళ్లి బయట శారీరక సంబంధం నేరం కావడంతో, బలవంతం రుజువు కాకపోతే ఆమే ముద్దాయి అయ్యేది. 2013లో అత్యాచారం జరిగిందని దుబాయ్ పోలీసులకు చెప్పిన ఒక నార్వే మహిళకు 16 నెలల జైలు శిక్ష పడింది. అంతర్జాతీయంగా నిరసన రావడంతో క్షమాభిక్ష పెట్టి వదిలారు. 2022 జనవరి 2న అమల్లోకి వచ్చిన కొత్త శిక్షాస్మృతిలో అలాంటి సంబంధంపై కేసు భర్త, భార్య లేదా సంరక్షకుడు ఫిర్యాదు చేస్తేనే నడుస్తుంది. ఒంటరి వలస మహిళకు దీనివల్ల పోలీస్ స్టేషన్ మెట్లెక్కే భయం కొంత తగ్గింది. పాత భయం మాత్రం ఆడవాళ్ల మాటల్లో ఇంకా ఉంది.

మనుషుల అక్రమ రవాణాపై గల్ఫ్ దేశాల్లోకెల్లా ముందుగా 2006లో చట్టం చేసింది యుఎఇ. 2015 సవరణ బాధితుల రక్షణను పెంచింది; 2023లో పూర్తిగా కొత్త డిక్రీ చట్టం వచ్చింది. దుబాయ్‌లో 2007లో ఏర్పడిన దుబాయ్ మహిళా శిశు ఫౌండేషన్ హింసకు గురైన ఆడవాళ్లకు, పిల్లలకు ఆశ్రయం, కౌన్సెలింగ్, న్యాయ సలహా ఇస్తుంది. దాని ఉచిత నంబరు 800111. అబుదాబిలో ‘ఇవా’ ఆశ్రయ కేంద్రాలు ఇదే పని చేస్తున్నాయి. మగ బాధితుల కోసం ఇంత స్థాయిలో ఏర్పాట్లు లేవు. క్యాంపుల్లో ఉండేది ఎక్కువగా మగవాళ్లే కనుక ఇది చిన్న లోపం కాదు.

భర్త వీసా మీద ఉన్న భార్యకు కుటుంబ హింస చట్టం వర్తిస్తుంది. 2019 చట్టం కింద ప్రాసిక్యూషన్ మొదట 30 రోజులకు రక్షణ ఉత్తర్వు ఇవ్వగలిగేది. 2024లో ఆ చట్టాన్ని మరో డిక్రీతో మార్చారు. 2018 నుంచి భర్త చనిపోయిన, విడాకులైన మహిళలకు పిల్లలతో సహా ఏడాది నివాస అనుమతి పొందే వీలుంది. 2023 ఫిబ్రవరి నుంచి ముస్లిమేతరులు తప్పు రుజువు చేయకుండానే విడాకులు కోరవచ్చు. కొట్టే భర్తను వదిలితే మర్నాడే విమానం ఎక్కాలన్న భయానికి ఇవి కొంతవరకు సమాధానం.

భాష మరో అడ్డంకి. కోర్టు నడిచేది అరబిక్‌లో. హిందీ అంతంతమాత్రం, ఇంగ్లీషు అసలు రాని మనిషి తన వాంగ్మూలాన్ని అనువాదకుడి నోట వింటాడు. 2005లో ఒక నేపాలీ వాచ్‌మన్ హత్య కేసులో శిక్షపడిన సిరిసిల్ల ప్రాంతపు ఐదుగురి కథ ఈ విషయంలో తెలుగునాట బాగా తెలిసింది. వారు నిందితుల వైపున్నవారే గానీ, పరాయి న్యాయవ్యవస్థలో తెలుగు కూలీ ఎంత నిస్సహాయుడో చెప్పడానికి అంతకన్నా పెద్ద ఉదాహరణ లేదు. 2011లో సిరిసిల్ల ఎమ్మెల్యే కె.టి.రామారావు నేపాల్ వెళ్లి మృతుడి కుటుంబానికి 15 లక్షల రూపాయలు అందించి క్షమాపత్రం తెచ్చినా, వారు ఇల్లు చేరడానికి 2024 దాకా పట్టింది. జైలులో గడిచినవి సుమారు 18 ఏళ్లు. ఇళ్లలో పసిపిల్లలుగా వదిలి వెళ్లినవారు పెద్దవాళ్లయ్యారు.

మానసిక ఆరోగ్య చట్టం

1981 నాటి పాత చట్టాన్ని తొలగించి యుఎఇ 2023లో 10వ నంబరు ఫెడరల్ చట్టం చేసింది. అది 2024 మే నెలాఖరు నుంచి అమల్లో ఉంది. రోగి అంగీకారం, గోప్యత, గౌరవంగా చికిత్స పొందే హక్కు ఇందులో ఉన్నాయి. ప్రత్యేక వైద్య కమిటీ నివేదిక లేకుండా మానసిక అనారోగ్యం పేరుతో ఉద్యోగంపై ఆంక్షలు పెట్టడం గానీ తొలగించడం గానీ కుదరదు. ఉద్యోగం పోతుందన్న భయానికి చట్టం చెప్పిన జవాబు ఇదే. కార్మిక చట్టం ప్రొబేషన్ తర్వాత ఏడాదికి 90 రోజుల అనారోగ్య సెలవు ఇస్తుంది: 15 రోజులు పూర్తి జీతంతో, 30 రోజులు సగం జీతంతో, మిగిలినవి జీతం లేకుండా.

ఆత్మహత్యాయత్నం విషయంలో ధోరణి మారింది. 1987 శిక్షాస్మృతి దాన్ని ఆరు నెలల దాకా జైలుకు తగ్గ నేరంగా చూసింది. 2020 చివర్లో వచ్చిన మార్పులు శిక్షకు బదులు చికిత్స వైపు మళ్లించే దారి తెరిచాయి. భారతదేశంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ఇంకా ముందుకెళ్లి, అలాంటి వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలంది.

దుబాయ్‌లో 2013 చట్టం ప్రకారం ఉద్యోగికి ఆరోగ్య బీమా యజమానే చేయించాలి. మానసిక వైద్యానికి అల్ అవీర్ వైపున అల్ అమల్ ఆసుపత్రి ఉంది. ఇది నగరానికి తూర్పున ఉంటే పార్కు నైరుతిలో ఉంది. సెలవు పెడితే జీతం కోతపడే మనిషికి ఆ దూరం కూడా అడ్డమే. పార్కులోనే ఎన్‌ఎంసి రాయల్ హాస్పిటల్ ఉన్నా, కార్మికుడి బీమా కార్డు ఏ ఆసుపత్రిలో చెల్లుతుందన్నది అతని కంపెనీ తీసుకున్న పాలసీని బట్టి ఉంటుంది.

ఫిర్యాదు నడిచే తీరు

మంత్రిత్వ శాఖ యాప్‌లోనో, 80084 లేదా 600590000 నంబర్లలోనో ఫిర్యాదు నమోదవుతుంది. 14 రోజుల్లో రాజీకి ప్రయత్నిస్తారు. 2024 జనవరి నుంచి 50,000 దిర్హాములకు మించని వివాదాల్లో మంత్రిత్వ శాఖే నిర్ణయం ప్రకటిస్తుంది. కోర్టు ఉత్తర్వులా దాన్ని అమలు చేయించవచ్చు. నచ్చనివారు 15 పనిదినాల్లో కోర్టుకు వెళ్లాలి. క్యాంపు కార్మికుల బకాయిల్లో ఎక్కువ భాగం ఈ పరిమితి లోపే ఉంటాయి కాబట్టి ఈ మార్పు విలువైనది. వివాదం వల్ల జీతం ఆగిపోతే రెండు నెలల దాకా చెల్లించమని యజమానిని ఆదేశించే అధికారం కూడా ఉంది. 1,00,000 దిర్హాముల లోపు దావాలకు కార్మికుడు కోర్టు ఫీజు కట్టనక్కర్లేదు.

ఇన్ని ఉన్నా, మనిషి విరిగిపోయేది ఈ దశలోనే. కంపెనీ మీద ఫిర్యాదు చేసినవాడు అదే కంపెనీ గదిలో, అదే మెస్ తిండి తింటూ తీర్పు కోసం ఎదురు చూడాలి. ఊళ్లో మిత్తి ఆగదు. వీసా గడువు దాటితే రోజుకు 50 దిర్హాముల జరిమానా పెరుగుతుంది. చాలామంది సగం డబ్బుకు, ఒక విమాన టికెట్‌కు రాజీపడి వెళ్లిపోతారు. ఫిర్యాదు లెక్కలో జీతం, గ్రాట్యుటీ, సెలవు డబ్బు, టికెట్ ఉంటాయి. మనసుకు తగిలిన దెబ్బకు విలువ కట్టే అలవాటు అక్కడ లేదు. 1985 నాటి సివిల్ లావాదేవీల చట్టం 293వ అధికరణ మానసిక, గౌరవ సంబంధమైన నష్టానికీ పరిహారం ఉంటుందని గుర్తించినా, దాని కోసం విడిగా సివిల్ దావా వేసే స్తోమత కూలీకి ఎక్కడిది?

గడువు మీరి ఉన్నవారికి అప్పుడప్పుడు ప్రకటించే క్షమాభిక్షే పెద్ద దిక్కు. 2018లో, మళ్లీ 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు యుఎఇ జరిమానాలు మాఫీ చేసి, అవుట్‌పాస్‌తో వెళ్లిపోవడానికో వీసా సరిచేసుకోవడానికో అవకాశమిచ్చింది.

అమెరికాతో పోలిక

తెలుగువారు ఎక్కువగా స్థిరపడిన మరో దేశం అమెరికా ఈ సమస్యను వేరే విధంగా పట్టుకుంది. 1994 నాటి మహిళలపై హింస నిరోధక చట్టం కింద, అమెరికన్ పౌరుడో గ్రీన్‌కార్డుదారుడో అయిన భర్త హింసిస్తే భార్య అతని ప్రమేయం లేకుండా సొంతంగా నివాసానికి దరఖాస్తు చేసుకోవచ్చు. 2000 నాటి చట్టం అక్రమ రవాణా బాధితులకు టి వీసా, ఇతర తీవ్ర నేరాల బాధితులకు యు వీసా ఏర్పరచింది. ఏడాదికి ఇచ్చే టి వీసాలకు పరిమితి 5,000, యు వీసాలకు 10,000. యు వీసాకు ‘గణనీయమైన శారీరక లేదా మానసిక హాని’ జరిగినట్టు చూపాలి. దర్యాప్తుకు సహకరించినట్టు పోలీసుల ధ్రువీకరణ కావాలి. అందుకే అక్కడ మానసిక నిపుణుడి నివేదిక వైద్య పత్రంగానే కాక వలస దరఖాస్తులో సాక్ష్యంగా కూడా పనికొస్తుంది. దరఖాస్తుల వరస ఏళ్ల తరబడి సాగడం ఆ విధానంలోని పెద్ద లోపం. హెచ్-1బి భర్త మీద ఆధారపడిన హెచ్-4 భార్యకు 1994 చట్టపు దారి ఉండదన్నది తెలుగు కుటుంబాలు గమనించాల్సిన సంగతి.

2000 నాటి చట్టం రూపొందుతున్న రోజుల్లోనే కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ఒక తెలుగు కేసు బయటపడింది. అప్పటి కృష్ణా జిల్లా వెల్వడం నుంచి వెళ్లి అక్కడ పెద్ద ఇళ్ల యజమాని అయిన లకిరెడ్డి బాలిరెడ్డికి చెందిన అపార్ట్‌మెంటులో 1999 నవంబరులో కార్బన్ మోనాక్సైడ్ వల్ల ఒక బాలిక చనిపోయింది. సొంత ప్రాంతం నుంచి ఆడపిల్లలను దొంగ పత్రాలతో తెచ్చి లైంగికంగా, పనిలో వాడుకున్నట్టు దర్యాప్తులో తేలింది. నేరం ఒప్పుకున్న అతనికి 2001లో ఎనిమిదేళ్లకు పైగా జైలు శిక్ష పడింది. బాధితులకు 20 లక్షల డాలర్ల పరిహారం చెల్లించాలని కోర్టు ఆదేశించింది. దౌర్జన్యం చేసేవాడు పరాయివాడే కానక్కర్లేదని ఈ కేసు చూపింది.

యు వీసా లాంటి ఏర్పాటు, అంటే నేరబాధితుడు కావడమే దేశంలో ఉండే హక్కుకు ఆధారం కావడం, యుఎఇలో అందరికీ వర్తించేలా లేదు. యజమాని తప్పు రుజువైతే కొత్త యజమాని దగ్గరకు మారే అనుమతి దొరకవచ్చు. అది పని దొరికితేనే ఉపయోగం. చట్టాల సంఖ్యలోనూ వేగంలోనూ యుఎఇ గత పదేళ్లలో చాలా ముందుకు వచ్చింది. నివాస హక్కును ఉద్యోగం నుంచి విడదీయడంలో మాత్రం అంత ముందుకు రాలేదు.

భారత ప్రభుత్వం, తెలుగు రాష్ట్రాలు

దుబాయ్‌లో భారతీయ కార్మికుల వనరుల కేంద్రం 2010లో మొదలైంది. ఇప్పుడది ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం. ఈ కేంద్రం న్యాయ, ఆర్థిక, మానసిక కౌన్సెలింగ్ ఉచితంగా ఇస్తుంది. దీని ఉచిత నంబరు 80046342. 2009లో ఏర్పడిన భారతీయ సమాజ సంక్షేమ నిధి నుంచి కాన్సులేట్ బాధితులకు తాత్కాలిక వసతి, టికెట్, న్యాయ సహాయం, వైద్యం, మృతదేహాల తరలింపు ఖర్చులు భరించవచ్చు. 2015లో వచ్చిన ‘మదద్’ పోర్టల్‌లో ఊళ్లో ఉన్న కుటుంబమే ఫిర్యాదు పెట్టవచ్చు.

1983 వలస చట్టం కింద పదో తరగతి దాటని కార్మికులు యుఎఇ లాంటి దేశాలకు వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. దాంతో పాటే 10 లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా యోజన వస్తుంది. విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ ఉద్యోగ వీసాగా మార్చుకునేవారు క్లియరెన్స్ నుంచీ, బీమా నుంచీ, ఒప్పందం రికార్డు నుంచీ ఒకేసారి తప్పిపోతారు. ఏజెంట్లు ఇష్టపడేది ఈ దారినే. ఇంటి పనికి వెళ్లే మహిళలకు కనీస వయసు 30 ఏళ్లు. వారి నియామకం తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ లాంటి ప్రభుత్వ సంస్థల ద్వారానే జరగాలి.

రాష్ట్రాల విషయానికొస్తే, ఆంధ్రప్రదేశ్ ప్రవాసాంధ్రుల సంస్థ 2018లో భరోసా బీమా తెచ్చింది. తెలంగాణ 2024లో గల్ఫ్ మృతుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయం ప్రకటించి, హైదరాబాద్ ప్రజాభవన్‌లో ‘ప్రవాసీ ప్రజావాణి’ కౌంటర్ తెరిచింది. ఈ పథకాలు ఎక్కువగా మరణం చుట్టూ అల్లుకున్నవి. బతికి తిరిగొచ్చి, రాత్రిళ్లు నిద్ర పట్టక, ఊళ్లో ఎవరితోనూ కలవలేక ఉన్న మనిషి కోసం విడిగా ఏ పథకమూ లేదు. అతనికి దొరికేది అందరికీ ఉన్న సేవలే: 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ 14416 నంబరులో తెలుగులో రాత్రింబవళ్లు మాట్లాడవచ్చు, హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి.

ఇల్లు చేరినంత మాత్రాన బకాయిల హక్కు పోదు. 2024 సవరణతో కార్మిక దావాకు కాలపరిమితి ఉద్యోగం ముగిసిన తేదీ నుంచి రెండేళ్లకు పెరిగింది. అంతకుముందు అది బాకీ పడిన తేదీ నుంచి ఒక్క ఏడాదే. పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి దుబాయ్‌లోని నమ్మకస్తుడి ద్వారా దావా నడిపించవచ్చు. అందుకు ఒప్పందం నకలు, లేబర్ కార్డు ఫోటో, బ్యాంకు జీతపు ఎంట్రీలు, ఆసుపత్రి చీటీలు, ఫిర్యాదు నంబరు కావాలి. విమానం ఎక్కే ముందే వీటిని ఫోన్‌లోంచి ఇంటికి పంపుకోవాలి.